రాసిన డేటా ఫైల్‌లో ఎందుకు లేదు?

ప్రశ్న: నా సి ప్రోగ్రామ్‌లో ఫైల్‌లోకి రాసే ఎఫ్‌ప్రింట్‌ఎఫ్ ఫంక్షన్ ఏ లోపాన్నీ సూచించడం లేదు. అయినా ప్రోగ్రామ్ మధ్యలో క్రాష్ అయిన ప్రతిసారీ ఫైల్ ఖాళీగా కనిపిస్తోంది. కారణం ఏమిటి?

జవాబు: ఎఫ్‌ప్రింట్‌ఎఫ్ సవ్యంగా ముగిసినంత మాత్రాన అక్షరాలు డిస్క్‌కు చేరినట్లు కాదు. అవి సాధారణంగా ముందుగా మెమరీలోని బఫర్‌లో (తాత్కాలిక నిల్వ స్థలంలో) చేరి, అది నిండినప్పుడో, మీరు బఫర్‌ను ఖాళీ చేసే ఎఫ్‌ఫ్లష్‌ను గాని ఫైల్‌ను మూసే ఎఫ్‌క్లోజ్‌ను గాని పిలిచినప్పుడో ఆపరేటింగ్ సిస్టమ్‌కు అందుతాయి కాబట్టి, ఈలోగా ప్రోగ్రామ్ కూలిపోతే బఫర్‌లో మిగిలినదంతా పోతుంది. పైగా ఫైల్‌ను 'డబ్ల్యూ' (కొత్తగా రాసే) మోడ్‌లో తెరిస్తే పాత సమాచారం ఆ క్షణంలోనే తుడిచిపెట్టుకుపోతుంది. కనుక ముఖ్యమైన ప్రతి దశ తరువాత ఎఫ్‌ఫ్లష్ పిలవండి.

ఫైల్‌ను తెరిచే ఎఫ్‌ఓపెన్ నల్ (తెరవడం విఫలమైందన్న సూచన) ఇచ్చిందేమో చాలామంది చూస్తారు గాని, ఎఫ్‌క్లోజ్ ఇచ్చే విలువను పట్టించుకునేవారు అరుదు; నా దృష్టిలో అసలు పొరపాటు అక్కడే ఉంది, ఎందుకంటే డిస్క్ నిండిన సంగతి తరచుగా చివరి బఫర్‌ను పంపేటప్పుడే బయటపడుతుంది. ఎఫ్‌క్లోజ్ ఈఓఎఫ్ (విఫలమైందన్న సూచన) ఇస్తే, లోపం సంఖ్య ఉండే ఎర్ర్‌నో విలువను మరో ఫంక్షన్ మార్చకముందే, ఆ సంఖ్యకు అర్థం చూపే పీఎర్రర్‌తో కారణాన్ని ముద్రించండి. లినక్స్‌లో డెవ్ డైరెక్టరీలోని 'ఫుల్' అనే ప్రత్యేక ఫైల్‌కు రాస్తే ఎప్పుడూ స్థలం లేదన్న లోపమే వస్తుంది కనుక, మీ తనిఖీలను దానిపై పరీక్షించుకోవచ్చు.