ఎకానమీ కోలుకుందట, మరి ఉద్యోగాలేవీ?

ప్రశ్న: ఎకానమీ కోలుకుందని పేపర్లో రోజూ చదువుతున్నాను. 2023లో బీటెక్ పూర్తిచేసి, అమీర్‌పేటలో రెండు కోర్సులు నేర్చుకున్నాను, ఇంతవరకు ఒక్క ఆఫర్ లేదు. లోపం నాలోనేనా సార్?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీలో కాదండీ, కనీసం మొత్తం మీలో కాదు. ఎకానమీ కోలుకునేటప్పుడు ఉద్యోగాలది ఎప్పుడూ చివరి బెంచీనే. అమెరికా సంగతే చూడండి, 2008 సంక్షోభం తర్వాత అక్కడ మాంద్యం అధికారికంగా 2009 జూన్‌లో ముగిసింది, కానీ నిరుద్యోగం 10 శాతానికి చేరింది ఆ అక్టోబరులో, పోయిన ఉద్యోగాల లెక్క మళ్లీ పూడేసరికి 2014 వచ్చేసింది. ఆర్డర్లు పెరగగానే ఏ యజమానీ కొత్తవాళ్లను తీసుకోడు. ముందు ఉన్నవాళ్లతోనే ఓవర్‌టైమ్ చేయిస్తాడు, తర్వాత కాంట్రాక్టు మీద నలుగురిని పెట్టుకుంటాడు, ఈ గిరాకీ నిలుస్తుందని నమ్మకం కుదిరాకే పర్మనెంట్ పోస్టు తెరుస్తాడు.

కోవిడ్ తర్వాత మన ఐటీలో మాత్రం ఇది తలకిందులైంది. 2021-22లో కంపెనీలు ఎగబడి తీసుకున్నాయి, మా పక్కింటి కుర్రాడు మూడు ఆఫర్లు చేతిలో పెట్టుకుని తిరిగేవాడు (వాళ్లమ్మ మాతో మాట్లాడటమే తగ్గించేసింది). 2023కి ప్రాజెక్టులు తగ్గేసరికి ఫ్రెషర్ల వంతు వెనక్కి పోయింది. మీరు సరిగ్గా అప్పుడే బయటికొచ్చారు.

పర్మనెంట్ అయితేనే చేరతానని కూర్చోకండి. ఆరు నెలల కాంట్రాక్టు దొరికినా పట్టుకోండి, పీఎఫ్ కడతారో లేదో అడిగి మరీ చేరండి. డబ్బు కట్టమనే కన్సల్టెన్సీల గడప మాత్రం తొక్కకండి. మూడో కోర్సు కూడా ఇప్పుడే వద్దు.