మైక్రోలైట్ నేర్చుకోబోతున్న స్వాతికి

స్వాతీ,

రాత్రి రాజమండ్రి నుంచి మీ అమ్మ ఫోన్. "అన్నయ్యా, అది విమానం నేర్చుకుంటుందట, వద్దని చెప్పు" అని ఒకటే ఏడుపు. వద్దని ఎలా చెప్తానే? భయం వేసింది, గర్వంగానూ ఉంది.

ఇంగ్లండ్‌లో మామూలు జీతంతో ఎగరాలంటే మైక్రోలైటే, అంటే ఒకరిద్దరు పట్టే తేలికపాటి బుల్లి విమానమే, దారి. పూర్తి లైసెన్సుకి కనీసం 25 గంటలు ఎగరాలి, అందులో 10 ఒంటరిగా. ఇక్కడి వానలకి నెలలు పడుతుంది, టెన్షన్ పడకు. అప్పుడే సొంతంగా కొనకు, నలుగురితో కలిసి వాటా తీసుకో. మనిషితో సహా మొత్తం బరువు 300 కిలోలు మించని సింగిల్ సీటర్‌కి ఎయిర్‌వర్దీనెస్ పర్మిట్, అంటే ఎగరడానికి పనికొస్తుందన్న అనుమతి పత్రం, అక్కర్లేదు కాబట్టి చవక అంటారు. నిజమే, కానీ బాగుందో లేదో చూసుకునే పూచీ కూడా నీదే. తెలిసినవాళ్ళకి చూపించకుండా ఎక్కావంటే నాతో మాట్లాడకు.

ఫ్లెక్స్‌వింగ్ అంటే గుడ్డ రెక్క కింద వేలాడుతూ బార్‌తో నడిపేది, త్రీ యాక్సిస్ అంటే మామూలు విమానంలా స్టిక్‌తో నడిపేది. రెంట్లో ఒకటే పట్టుకో. ఫ్లెక్స్‌వింగ్‌లో బార్ ముందుకు తోస్తే ముక్కు పైకి లేస్తుంది, రెండోదాంట్లో స్టిక్ ముందుకు తోస్తే కిందికి దిగుతుంది. నేల మీద ఫ్లెక్స్‌వింగ్ నడిపేటప్పుడు కుడికాలు తోస్తే బండి ఎడమకి పోతుంది. మొదట్లోనే రెండూ కలిపితే కంగారులో చెయ్యి పాత అలవాటుకే పోతుంది.

ఇక అసలు సంగతి. నా స్నేహితుడొకడు, మంచి పైలట్. వాళ్ళ మామగారు గుంటూరు నుంచి వచ్చారు, తిరుగు ప్రయాణం మర్నాడే. ఎక్కిస్తానని మాటిచ్చాడు. వెళ్ళేటప్పుడు ఎండ. తిరిగొచ్చేటప్పుడు ఎదురుగా మబ్బు కిందికి దిగింది. వెనకాల ఆకాశం తేటగానే ఉంది, మళ్ళితే ఏదో ఒక ఫీల్డులో దిగి టీ తాగేవాళ్ళు. వాడు మళ్ళలేదు. మబ్బు కిందకి, ఇంకా కిందకి దూరి, కరెంటు తీగలు కనబడగానే విత్తిన పొలంలో దింపేశాడు. మబ్బులో ఎగరడానికి మన బండ్లు పనికిరావు, ఆ సంగతి వాడికీ తెలుసు. ఇంటికి చేరాలన్న తొందర తెలిసినదాన్ని మరిపిస్తుంది.

ఎయిర్‌ఫీల్డులో ఎదురుచూస్తున్న నేను కారేసుకుని పరిగెత్తాను. ఇద్దరికీ దెబ్బల్లేవు. వెనకసీట్లో మామగారు బెల్టు పట్టుకున్న పిడికిలి మాత్రం విప్పలేకపోయారు. ఆ వేళ్ళు ఒక్కొక్కటీ నేనే విప్పాను, మంచుముక్కల్లా ఉన్నాయి. ఆయన ఒక్క మాట అనలేదు. స్నేహితుడు రెక్క దగ్గర కూర్చుని ఏడ్చాడు.

అందుకే చెప్తున్నాను. ఎవరికీ "ఫలానా రోజు ఎక్కిస్తా" అని మాటివ్వకు. బయల్దేరే ముందే ఎక్కడ మళ్ళాలో మ్యాపు మీద గీసుకో. మధ్యలో దిగిపోతే రాత్రయినా సరే, ఎంత దూరమైనా సరే, కారు తీసుకుని నేనొస్తాను. నామోషీ పడకు.

చలికోటు మంచిది కొనుక్కో, వేసవిలో కూడా పైన వణికిస్తుంది. నీకసలే చిన్నప్పటినుంచీ జలుబు.

ఎగిరేముందు అమ్మకి ఫోన్ చెయ్యకు, దిగాక చెయ్యి. నాకు మాత్రం రెండుసార్లూ చెయ్యాలి.

నీ మామయ్య