పిల్లర్లకు గుడ్డ చుట్టే ముందు

చి. అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. విశాఖలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఆ పాత అపార్ట్‌మెంట్ పిల్లర్లకు బలం కోసం కార్బన్ ఫైబర్ (కార్బన్ పోగుల) గుడ్డ చుట్టించే పని నీకు అప్పగించారని మీ నాన్న చెప్పాడు. నువ్వు పంపిన ఫోటోలు చూశాను. చుట్టడం పనివాళ్లు చూపిస్తారు. చుట్టింది ఏళ్ల తరబడి నిలవాలంటే ఏం చూసుకోవాలో నేను రాస్తాను.

1989లో లోమా ప్రియేటా భూకంపం తరువాత కాలిఫోర్నియాలో, 1995లో కోబే భూకంపం తరువాత జపాన్‌లో వంతెన స్తంభాలకు ఈ చుట్లు విరివిగా వేశారు. ఆ పాత స్తంభాల్లో నిలువు ఊచల చుట్టూ కట్టే రింగులు చాలినన్ని లేవు. ఆ లోటును గుడ్డ తీర్చింది. మీ పిల్లర్ల జబ్బు వేరు, అది తుప్పు. ఉప్పుగాలి లోపలికి చేరి ఊచలను తింటోంది. తుప్పు అసలు ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, ఆ ఉబ్బుకే పైకవర్, అంటే ఊచల మీది కాంక్రీటు పొర, పగులుతుంది. దాని మీదే గుడ్డ చుట్టేస్తే పగులు కనిపించకుండా పోతుంది, తుప్పు ఆగదు. కొత్త ఉప్పును, నీటిని గుడ్డ అడ్డుకునే మాట నిజమే. కానీ ఇప్పటికే లోపలికి చేరిన ఉప్పూ తడీ దాని కిందే ఉండిపోతాయి.

నీ మూడో ఫోటోలో పిల్లర్ అడుగున జానెడు ఎత్తు వరకు సున్నం పొరలుగా లేచి తెల్లటి ఉప్పు పేరుకుని ఉంది. పక్కనే కార్లు కడిగే కుళాయి ఉంది. ముందు ఆ కుళాయిని అక్కడి నుంచి మార్పించు. నీరు పిల్లర్ మొదట్లో నిలవకుండా గచ్చుకు వాలు పెట్టించు. నేలలోంచి ఎగబాకే తడిని అలాగే వదిలేస్తే అది గుడ్డ వెనకే పైకి పాకి, గుడ్డను అంటించే ఎపాక్సీ జిగురు పట్టును లోపలి నుంచి ఊడదీస్తుంది.

తరువాత హాఫ్ సెల్ పరీక్ష చేయించు, లోపలి ఊచకు తుప్పు పడుతోందా అని వోల్టేజీ కొలిచి చూసే పరీక్ష అది. కాపర్ సల్ఫేట్ ఎలక్ట్రోడుతో కొలిచినప్పుడు రీడింగు మైనస్ 350 మిల్లీవోల్టుల కంటే కిందికి పోతే అక్కడ తుప్పు నడుస్తోందనడానికి అవకాశం తొంభై శాతం పైనే. అలాంటి చోట పైపై పూతలు పనికిరావు. ఊచ వెనక వేలు పట్టేంత సందు వచ్చేదాకా కాంక్రీటు కొట్టించి, ఊచ మెరిసేలా తుప్పు గీకించు. ముందు పైబరువు మోయడానికి జాకీలు పెట్టకుండా సుత్తి మాత్రం వేయనివ్వకు. గుడ్డలోని పోగులు అడ్డంగా ఉంటాయి, నిలువు ఊచ తగ్గిపోతే అవి దాని బరువు మోయలేవు. సన్నబడిన ఊచకు జోడుగా కొత్త ఊచ కట్టించాల్సిందే.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది పిల్లర్ ఆకారం. గోడలో కలిసిపోవాలని మన అపార్ట్‌మెంట్లలో తొమ్మిది అంగుళాల వెడల్పు, రెండడుగుల పొడవుతో పిల్లర్లు పోస్తారు. బరువుకు కాంక్రీటు పక్కలకు ఉబ్బబోయినప్పుడే గుడ్డ బిగుసుకుని పనిచేస్తుంది. గుండ్రటి పిల్లర్‌ను అది అన్ని వైపులా సమానంగా నొక్కుతుంది, పలకల పిల్లర్‌ను మూలల దగ్గరే పట్టుకుంటుంది. అందుకే పొడవు వెడల్పుకు రెండు రెట్లు దాటిన పిల్లర్‌కు గుడ్డతో బలం పెరుగుతుందని లెక్కలో వేసుకోకూడదని అమెరికన్ కాంక్రీట్ ఇన్‌స్టిట్యూట్ మార్గదర్శకం హెచ్చరిస్తుంది. తొమ్మిది, ఇరవై నాలుగు అంగుళాల పిల్లర్ ఆ హద్దు దాటినట్లే. వాటికి కాంక్రీటు జాకెటింగే, అంటే చుట్టూ ఊచలు కట్టి కొత్త కాంక్రీటు పోయడమే, మేలని డిజైనర్‌తో తేల్చి మాట్లాడు. ఖర్చు, చోటు అంటూ సంఘం వాళ్లు ఒప్పుకోకపోయినా నువ్వు వెనక్కి తగ్గకు.

చుట్టే పిల్లర్లకు మూలలు గ్రైండర్‌తో గుండ్రంగా చేయించు. 13 మిల్లీమీటర్ల వ్యాసార్థం కనీసం, నేనైతే 25 అడుగుతాను. పదునైన మూల దగ్గర పోగులు ముందే తెగుతాయి.

గ్లాస్ ఫైబర్ (గాజు పోగుల) గుడ్డ చవకని కాంట్రాక్టరు చెప్పవచ్చు. అదే మార్గదర్శకం తీవ్రమైన వాతావరణంలో గ్లాస్ బలాన్ని సగానికి తగ్గించి లెక్కించమంటుంది, కార్బన్‌కు 85 శాతం వరకు ఇస్తుంది. గ్లాసుకు తడీ, కాంక్రీటులోని క్షారమూ పడవు. కార్బన్‌కు ఆ భయం లేదు కానీ అది విద్యుత్తును ప్రవహింపజేస్తుంది, ఊచకు నేరుగా తగిలితే తుప్పును ఇంకా పెంచుతుంది. కవర్ పలచగా ఉన్నచోట మధ్యలో ఒక వరుస గ్లాస్ గుడ్డ వేయించు.

మీ తీరంలో తెల్లవారుజామున కాంక్రీటు మీద కంటికి కనిపించని తేమ ఉంటుంది. ఉపరితలం వేడి, మంచు బిందువు (గాలిలోని తేమ నీరుగా మారే ఉష్ణోగ్రత) కంటే కనీసం మూడు డిగ్రీలు ఎక్కువ ఉంటేనే ప్రైమర్ పూయించు. గుడ్డను రోలరుతో పోగుల దిశలోనే నొక్కించి గాలి బుడగలు బయటికి పంపించు. ఎపాక్సీ గట్టిపడ్డాక నువ్వే నాణెంతో చదరం చదరంగా తట్టి చూడు. డొల్ల మోత వచ్చినచోట సుద్దతో గీత గియ్యి. అరచేయి అంత డొల్ల ఉంటే కోసి మళ్లీ వేయించాలి. పిల్లర్ ఉబ్బినప్పుడు గుడ్డ వెంటనే అందుకోవాలంటే రెండింటి మధ్య సందు ఉండకూడదు.

మామూలు ఎపాక్సీ 60 నుంచి 80 డిగ్రీల వేడికే మెత్తబడుతుంది. పడమటి ఎండ తగిలే పిల్లర్లకు లేత రంగు, ఎండను తట్టుకునే పైపూత తప్పనిసరి. అగ్ని ప్రమాదంలో గుడ్డ ఉండదనే అనుకో. అది లేకపోయినా భవనం తన బరువును తాను మోయగలదా అని డిజైనర్ చేత లెక్క చూపించి సంతకం పెట్టించుకో.

పని అప్పగించేటప్పుడు సంఘానికి ఒక కాగితం రాసివ్వు. చుట్టిన పిల్లర్లకు మేకు కొట్టకూడదు, కేబుల్ క్లిప్పులకు రంధ్రం చేయకూడదు, కారు రాసుకుని పైపూత పోతే వెంటనే పూయించాలి, ఏటా వానాకాలం అయ్యాక అడుగు భాగాన్ని తట్టి చూడాలి అని అందులో ఉండాలి. హాఫ్ సెల్ రీడింగులు పిల్లర్ల నంబర్లతో సహా నాకు పంపు. అవి చూసి ఫోనులో మాట్లాడుకుందాం, అప్పటిదాకా గుడ్డ ఆర్డరు పెట్టనివ్వకు.

మీ పెదనాన్న