వాసన చూసి పారేయకండి

ప్రశ్న: నమస్తే అండీ. మాది నరసన్నపేట. మా మరిది ఫ్రాన్స్ నుంచి వస్తూ మూడు రకాల చీజ్ తెచ్చాడు. గట్టిగా ఉన్న కోంతే, నీలం చారల రోక్‌ఫోర్, గుండ్రటి చెక్క డబ్బాలో నారింజ రంగులో జిగటగా ఉన్న ఎప్వాస్. ఈ మూడోదాని వల్ల ఫ్రిజ్ తలుపు తీస్తే చాలు, ఇల్లంతా గుప్పుమంటోంది. మా అత్తగారు నీచు ముట్టరు. ఆవిడ పాలూ పెరుగూ తీసి బయట పెట్టేశారు. మరిదేమో ‘తిని చూడు వదినా, వాసన సంగతే మర్చిపోతావు’ అంటాడు. అది పాడైపోయిందా, లేక నిజంగానే రుచిగా ఉంటుందా? మా తోడికోడలికి ఇప్పుడు ఐదో నెల, ఆమెకు పెట్టొచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: పాడవలేదమ్మా, ఎప్వాస్ వాసనే అంత. మీ మరిది మాట ముప్పాతిక వంతు నిజం. మిగతా పాతిక మీ నాలుకను బట్టి ఉంటుంది.

ఎప్వాస్ బర్గండీ ప్రాంతపు ఆవుపాల చీజ్. దాని పైపొరను ముందు ఉప్పునీళ్లతో, తర్వాత ద్రాక్షపిప్పి నుంచి తీసిన సారా కలిపిన నీళ్లతో తుడుస్తూ కనీసం నాలుగు వారాలు మాగబెడతారు. అలా తడిగా, ఉప్పగా ఉన్న పొర మీద బ్రెవిబాక్టీరియం అనే బ్యాక్టీరియా పెరిగి, పాలలోని ప్రొటీన్లను విడగొట్టి గంధకపు వాసనలు వదులుతుంది. దాని చుట్టాలే మన పాదాల మీదా ఉంటాయి. బూట్లు విప్పినప్పటి వాసన గుర్తొచ్చేది అందుకే. ఈ వాసనలో ఎక్కువ భాగం పైపొరదే. లోపలిది చాలా సాధువు.

నేను విశాఖలో మా పిన్ని కూతురింట్లో తిన్నాను. పైపొరను కత్తితో చుట్టూ కోసి ఎత్తితే లోపల చెంచాతో తీసుకునేంత మెత్తగా ఉంది. నోట్లో పెట్టగానే ముందు ఉప్పు తెలిసింది, వెంటనే వెన్న కమ్మదనం, మింగాక చాలాసేపు మాంసం ఉడికించిన రసం లాంటి రుచి నిలిచింది. ముక్కుకు తగిలిన కంపు నోట్లో ఎక్కడా లేదు! కళింగపట్నంలో ఎండబెట్టిన నెత్తళ్ల పక్కన ముక్కు మూసుకునేవాళ్లే, అవి వంకాయలో పడి ఉడికితే ఇంకో ముద్ద కలుపుకోరూ? బయటి నుంచి పీల్చే వాసన వేరు, నములుతుంటే గొంతు వెనక నుంచి ముక్కుకెక్కే వాసన వేరు. రెండోదానికి ఉప్పు, కొవ్వు, పులుపు తోడవుతాయి.

ముందే ఏమనుకుంటామన్నది కూడా ముఖ్యమే. 2001లో రేచెల్ హెర్జ్, జూలియా వాన్ క్లెఫ్ అనే పరిశోధకులు ఒకే వాసనను ఒకసారి పర్మెజాన్ చీజ్ అనీ, ఇంకోసారి వాంతి అనీ చెప్పి చూపించారు. చీజ్ అన్నప్పుడు బాగుందన్నవాళ్లే వాంతి అన్నప్పుడు ఛీ అన్నారు. కాబట్టి ఇంట్లో ఎవరికైనా పెట్టేటప్పుడు ‘కంపు చీజ్’ అంటూ మొదలుపెట్టకండి.

కోంతేతో మొదలుపెట్టండి. తినే ముందు గంటసేపు ఫ్రిజ్ బయట ఉంచాలి, చల్లగా ఉంటే రుచి తెలియదు. పల్చటి ముక్క కోసి నెమ్మదిగా నమలండి. బాగా మాగినదైతే పంటికింద పటుక్కుమనే తెల్లటి పలుకులు తగులుతాయి. అవి ఉప్పు కాదు, ప్రొటీన్ విడిపోగా మిగిలిన టైరోసిన్ అనే పదార్థం. నాకు ఈ మూడింట్లో కోంతేనే ప్రాణం. మరునాడు ఎప్వాస్‌ను పైపొర తీసేసి, కాల్చిన బ్రెడ్ మీద రాసుకుని తినండి. రోక్‌ఫోర్ ఆఖరున. గొర్రెపాలతో చేసి, పెనిసిలియం రోక్‌ఫోర్తి అనే బూజును పెంచి, కొంబలూ కొండ గుహల్లో మాగబెడతారు. తయారీ మొదలు కనీసం 90 రోజులు పడుతుంది. ఉప్పు చాలా ఎక్కువ, నాలుక చుర్రుమంటుంది. కాస్త తేనె చుక్క, వేయించిన పలాస జీడిపప్పు తోడిస్తే ఆ ఘాటు దారికొస్తుంది. అప్పటికీ నచ్చకపోతే బలవంతంగా తినకండి. రక్తపోటు ఉన్నవాళ్లకు రుచికి చిటికెడు చాలు.

మీ తోడికోడలికి ఎప్వాస్, రోక్‌ఫోర్ పెట్టొద్దు. ఇలాంటి చీజ్‌లలో లిస్టీరియా అనే బ్యాక్టీరియా ఉండే అవకాశం ఉంది, అది కడుపులో బిడ్డకు ప్రమాదం. కోంతే పచ్చిపాలతో చేసేది కాబట్టి అది కూడా డాక్టరు సరే అన్నాకే. ఇక మీ అత్తగారికి ఒక విషయం దాచకుండా చెప్పండి. పాత పద్ధతిలో చేసే ఫ్రాన్స్ చీజ్‌లలో పాలు విరగడానికి దూడ, గొర్రెపిల్లల కడుపు నుంచి తీసే రెన్నెట్ వాడతారు. ఆవిడ ముట్టకపోవడమే సబబు. ఆవిడకు చీజ్ రుచి చూపించాలనుంటే మన దేశంలో తయారై, ఆకుపచ్చ చుక్క ఉన్నది కొనండి.

ఎప్వాస్‌ను బటర్ పేపర్‌లో చుట్టి, మూత బిగుసుకునే స్టీలు డబ్బాలో పెడితే పాలూ పెరుగూ మళ్లీ ఫ్రిజ్‌లోకి వెళ్లొచ్చు. కోశాక నాలుగైదు రోజుల్లో అవగొట్టండి. బయట అరగంట ఉంచినా కళ్లు మండేంత అమ్మోనియా ఘాటు పోకపోతే మాత్రం మాగుడు ముదిరిపోయినట్టే, అప్పుడు పారేయండి.

ప్రశ్న: ఫ్రిజ్‌లో ఉన్న మామూలు చీజ్ మీద బూజు కనిపించింది. గీకేసి వాడుకోవచ్చా? మరి కొన్నిటికి బూజు కావాలనే పెడతారట కదా?
– ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: కావాలని పెట్టే బూజు రకం వేరండీ, మీ ఫ్రిజ్‌లో దానంతటది వచ్చినది వేరు. చీజ్ గట్టి దిమ్మైతే బూజు చుట్టూ, కింద ఒక అంగుళం మేర కోసి పారేసి మిగతాది వాడుకోవచ్చు, కత్తి మాత్రం బూజుకు తగలకూడదు. స్లైసులు, తురుము, మెత్తటి చీజ్, పనీర్ అయితే మొత్తం పారేయాల్సిందే.