లక్షణం బట్టీ పట్టకు, వాక్యం మార్చి చూడు

పర్లాకిమిడి

అమ్మడూ,

మావయ్య ఆశీస్సులు. అలంకారాలూ నాటక లక్షణాలూ ఎంత చదివినా కలగాపులగం అయిపోతున్నాయని బెంగ పెట్టుకున్నావట, మీ అమ్మ చెప్పింది. స్కూలంతా ఒడియా మీడియంలో చదివి డిగ్రీలో తెలుగు తీసుకున్నావు, టెన్షన్ ఉండదా మరి. కానీ ఉపమ, రూపకం, అంకం ఒడియా పాఠాల్లోనూ నువ్వు విన్నవే.

లక్షణం తర్వాత చదువు, ముందు ఒక వాక్యం రాసుకో. "వేసవిలో మహేంద్రతనయ నూలుపోగులా సన్నబడింది." మహేంద్రతనయ మన ఏరు. దేన్ని పోలుస్తున్నామో అది ఉపమేయం, ఇక్కడ ఏరు. దేనితో పోలుస్తున్నామో అది ఉపమానం, నూలుపోగు. రెంటికీ ఉన్న పోలిక సమానధర్మం, సన్నబడటం. పోలికను చెప్పే మాట ఉపమావాచకం, 'లా'. నాలుగూ ఉన్నాయి కనుక పూర్ణోపమ. 'నూలుపోగులా ఉంది' అని ఊరుకుంటే సమానధర్మం పోయింది, లుప్తోపమ. 'ఏరనే నూలుపోగు' అంటే రూపకం. 'ఇసుక మీద ఎవరో పరిచిన నూలుపోగేమో ఈ ఏరు' అని ఊహిస్తే ఉత్ప్రేక్ష. 'ఇది ఏరు కాదు, నూలుపోగే' అని ఉన్నదాన్ని కాదంటే అపహ్నవం. ఒక్క ఏరుతో ఇన్ని అలంకారాలు! ఇలా నీ చేత్తో మార్చి రాసుకున్నది పరీక్ష హాల్లో మరిచిపోవు.

యతి దగ్గర కాస్త జాగ్రత్త. సంస్కృతంలో యతి అంటే పాదంలో ఆగే చోటు. మనకి ఆగక్కర్లేదు, పాదం మొదటి అక్షరానికీ యతిస్థానంలో, అంటే పాదం మధ్యలో ఛందస్సు చెప్పిన చోట, ఉన్న అక్షరానికీ మైత్రి, అంటే ధ్వనిలో పొంతన, కుదరాలి. వేమన ఆటవెలది పద్యమే తీసుకో. 'ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు'. సంధి విడదీస్తే 'ఒక్క'. ఉ, ఒ లకు మైత్రి ఉంది. రెండో పాదం 'చూడ చూడ రుచుల జాడ వేరు'లో చూ, జా కలవవు. వాటి పక్కనున్న 'డ'లు కలిశాయి, అది ప్రాసయతి. ఆటవెలదిలో ఈ వెసులుబాటు ఉంది, ఉత్పలమాల లాంటి వృత్తాల్లో లేదు. వృత్తాల్లో ప్రాస అంటే నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం కలవడం. పాదాల చివర కలిసేది అంత్యప్రాస. ఒడియా కవితలకు అలవాటుపడిన చెవి ఇక్కడే పొరబడుతుంది.

నాటకం కూర్చుని చదివితే రాదు, లేచి నిలబడి చదవాలి. స్వగతం తనలో తాను అనుకునేది. జనాంతికం వచ్చినప్పుడు త్రిపతాక పట్టు, అంటే ఉంగరపు వేలు మడిచి అరచెయ్యి అడ్డం పెట్టి పక్కవాళ్లతో మాట్లాడు. రంగం మీద మిగతావాళ్లకి వినపడనట్టు లెక్క, ప్రేక్షకులకి మాత్రం వినపడాలి. విష్కంభం అంకం మొదట్లో వస్తుంది, అంకాల మధ్యలో జరిగిపోయిన కథను చిన్న పాత్రల చేత చెప్పిస్తుంది. పంచసంధుల జోలికి, అంటే నాటక కథలోని ఐదు భాగాల జోలికి, ఇప్పుడే పోకు. ఒక నాటకం పూర్తిగా చదివాక, కథకు మూలమైన బీజం ఎక్కడ పడిందో నీకే కనిపించాక మొదలుపెట్టు.

జవాబులు నీ మాటల్లోనే రాయి. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మనది, వాడుక మాటలో రాయడానికి జంకకు. ఏటి మీద నీ వాక్యాలు ఐదూ రాసి పంపు, దిద్ది పంపిస్తాను.

మీ మావయ్య