నెల్లూరు సమ్మర్ క్యాంపులో డ్రాయింగ్ నేర్పే ఇంటర్న్‌షిప్: చేరమంటారా అని అడిగిన కావలి తమ్ముడికి

కావలిలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నా, బొమ్మలు బాగానే వేస్తా, నెల్లూరులో ఒక సమ్మర్ క్యాంపువాళ్ళు చిన్నపిల్లలకు డ్రాయింగ్ నేర్పడానికి ఇంటర్న్‌గా రమ్మన్నారు, నాకు ఏ సర్టిఫికెట్టూ లేదు, చేరమంటారా, కాలేజీలో లెక్కకొస్తుందా అని అడిగావు. చేరు తమ్ముడూ. డిగ్రీలో ఉండగా నేనూ నెల్లూరులోనే ఒక వేసవి అయిదు వారాలు ఇదే పని చేశాను. కాకపోతే బొమ్మలు బాగా వేసేవాళ్ళకే ఇది కష్టం.

ముందు లెక్క సంగతి. మన రాష్ట్రంలో 2020-21 నుంచి డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు గదా, అందులో రెండో సంవత్సరం అయ్యాక వచ్చే వేసవిది రెండు నెలలు. క్యాంపు అయిదు వారాలే అయితే మిగతా రోజులు ఎట్లా చూపించాలో మీ మెంటర్ సారును చేరకముందే అడుగు. ఏ రోజుకారోజు లాగ్‌బుక్ రాసుకో. చివర్లో కూర్చుని రాద్దామంటే ఒక్కటీ గుర్తుండదు, నాకు అదే అయింది.

ఇక అసలు విషయం. మా బ్యాచ్‌లో పదిహేడుమంది, నాలుగేళ్ళ వాళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ వాళ్ళ దాకా. మొదటిరోజు బోర్డు మీద ఒంగోలు గిత్తను వేశాను. మూపురం, గంగడోలు, పొట్టి కొమ్ములు, ఏదీ వదల్లేదు. ముందురోజు రాత్రి ఇంట్లో మూడుసార్లు వేసి చూసుకుని మరీ వెళ్ళాను. పిల్లలు నోరు తెరుచుకుని చూశారు. భలే సంతోషమేసింది. "ఇప్పుడు మీరు వేయండి" అన్నాను. ఒక్కరూ పెన్సిల్ ముట్టుకోలేదు. కాసేపటికి ఒక పాప వచ్చి పుస్తకం నా ఒళ్ళో పెట్టి "మీరే వేసియ్యండి మిస్" అంది. ఆ పాప వెనక ఇంకో ఆరుగురు లైను కట్టారు. ఆరోజు నేను ఏడు గిత్తలు వేశాను. పిల్లలు వేసినవి సున్నా.

మా పిన్ని అంగన్‌వాడీ టీచరు. రాత్రి అన్నం తింటూ ఈ సంగతి చెప్తే నవ్వి, "నువ్వు అంత బాగా వేస్తే వాళ్ళకేం మిగిలిందే? పలకలియ్యి. తప్పయితే తుడుచుకుంటారు, భయముండదు" అంది. ఇప్పుడు ఎక్కడ చూసినా ప్లాస్టిక్ పలకలే. పెద్దబజారు, చిన్నబజారు తిరిగి తిరిగి చెక్క ఫ్రేము వేసిన మార్కాపురం రాతిపలకలు పట్టుకున్నాను. మర్నాడు బోర్డు జోలికే పోలేదు. పలకలు, బలపాలు, తడిగుడ్డ ముందు పెట్టి ఊరుకున్నాను. పావుగంటలో గదంతా కరకరమని చప్పుడు. (బలపాలు తినేవాళ్ళు ఇద్దరు తేలారు. వాళ్ళమీద ఒక కన్నుండాలి.)

ఆ వారంలోనే, మొదటిరోజు నా ఒళ్ళో పుస్తకం పెట్టిన పాప వాళ్ళ అవ్వను వేసింది. గుండ్రటి తల, తల కిందనుంచే రెండు కాళ్ళు, చెవులకు పెద్ద పెద్ద కమ్మలు. తుడవనంటే తుడవనంది. పలకను అన్నం పళ్ళెంలా రెండు చేతులమీద పెట్టుకుని ఆటో దాకా నడిచింది. ఆటోలో ఇరుక్కుని కూర్చునేసరికి బొమ్మ సగం గౌనుకు అంటుకుపోయింది. రేపు ఏడుస్తూ వస్తుందని నాకు టెన్షన్. వచ్చి ఏమందో తెలుసా? "అవ్వ ఆత్మకూరు బస్సెక్కి పోయింది మిస్."

తలకే కాళ్ళు పెట్టడం తప్పు కాదు. నాలుగైదేళ్ళ వయసులో చాలామంది పిల్లలు మనిషిని అట్లాగే వేస్తారు. ఆస్ట్రియా నుంచి అమెరికా వెళ్ళి పాఠాలు చెప్పిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్ పిల్లల బొమ్మలను వయసును బట్టి దశలుగా విడదీశాడు. సుమారుగా రెండు నుంచి నాలుగేళ్ళ దాకా పిచ్చిగీతలు, నాలుగు నుంచి ఏడు దాకా ఇట్లాంటి తలకాళ్ళ మనుషులు, ఏడు దాటాక కింద నేలగీత, పైన ఆకాశం. నీకు ఈ ఒక్క ముక్క తెలిసినా సగం గొడవలు తప్పుతాయి.

నాకు అప్పుడు తెలియదు. ఏడేళ్ళ పిల్లాడొకడు కాగితం పైన నీలంగా ఒక పట్టీ, కింద ఆకుపచ్చగా ఒక గీత వేసి మధ్యలో తెల్లగా వదిలేశాడు. క్యాంపు నడిపే ఆయన చూసి "ఆకాశం కిందదాకా నింపించమ్మా, పేరెంట్స్ ఏమనుకుంటారు" అన్నాడు. వాడితో చెప్తే "ఆకాశం పైన గదా ఉండేది. ఇక్కడెక్కడుంది మిస్?" అని గదంతా చెయ్యి తిప్పి చూపించాడు. నాకు జవాబు దొరకలేదు. అయినా చివరిరోజు ఎగ్జిబిషన్ అని, ముందురోజు సాయంత్రం ఇంటర్న్‌లమంతా కూర్చుని పిల్లల బొమ్మలు సరిచేశాం. వాడి ఆకాశం నేనే నింపాను, ఇల్లు కూడా నిటారుగా దిద్దాను. మర్నాడు వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని బొమ్మలు తగిలించిన తాడు పొడుగునా రెండుసార్లు తిరిగాడు. తన బొమ్మ ముందు నుంచే వెళ్ళాడు, ఆగలేదు. చివరికి నా దగ్గరికొచ్చి "నాది తగిలించలేదా మిస్?" అన్నాడు. నిన్నూ అట్లా దిద్దమంటారు. కుదరదని మొదటి వారంలోనే చెప్పు, ఆఖర్న చెప్తే ఎవరూ వినరు.

డబ్బులు: నాకు నెలకు మూడు వేలిస్తామన్నారు, ఒక నెలదే ఇచ్చారు. పాంప్లెట్లు కూడా పంచిపెట్టించారు. ఎంతిస్తారో, ఏ పనులు చేయాలో వాట్సాప్‌లోనైనా రాయించుకో. ఎండలు: క్లాసు పొద్దున పదిన్నరకల్లా అయిపోయేటట్టయితేనే ఒప్పుకో, రోహిణీ కార్తెలో ఆ తర్వాత పిల్లలు తట్టుకోలేరు. క్రేయాన్లు స్కూటీ డిక్కీలో వదలొద్దు. నావి కరిగి ఒకటే ముద్దయ్యాయి. పారేయబోతే పిల్లలు పడనివ్వలేదు. ఒక్క గీతలో నాలుగు రంగులొస్తున్నాయని దానికోసం కొట్టుకున్నారు.

సర్టిఫికెట్ లేదని దిగులొద్దు, ఈ పనికి ఎవరూ అడగరు. ఇదే లైన్లో పోవాలనిపిస్తే తర్వాత ప్రభుత్వ పరీక్షల విభాగం పెట్టే డ్రాయింగ్ లోయర్ గ్రేడ్ పరీక్ష రాయి. అది పాసైతే వేసవిలో 42 రోజుల టీటీసీ (టెక్నికల్ టీచర్స్ సర్టిఫికెట్) ట్రైనింగ్ చేయొచ్చు.

మీ మెంటర్ సారు ఏమన్నారో ఇక్కడే రాయి. ఆయన సరేనంటే పలకలు ఏ కొట్లో దొరికాయో చెప్తాను.