మాన్యుఫ్యాక్చరింగ్‌లో ఎంటెక్: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: బీటెక్ మెకానికల్ ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. మాన్యుఫ్యాక్చరింగ్‌లో ఎంటెక్ చేయాలని ఉంది. ప్రవేశ పరీక్ష గేట్‌లో ఎంఈ (మెకానికల్) పేపర్ రాయాలా, పీఐ (ప్రొడక్షన్ అండ్ ఇండస్ట్రియల్) రాయాలా? మంచి ర్యాంకు రాకపోతే ఇక్కడే దగ్గర్లో చేరితే నష్టమా?
– ఒక విద్యార్థిని, రాజాం

జవాబు: పీఐలో తయారీ ప్రక్రియలు, క్వాలిటీ, ఆపరేషన్స్ రీసెర్చ్‌లది పెద్ద వాటా. మీకు ఇష్టమైనవి అవే కాబట్టి అటు లాగుతుంది. అయినా మా సలహా ఎంఈనే. ప్రభుత్వ సంస్థల మెకానికల్ ఉద్యోగాలకు ఎక్కువగా అడిగేది ఆ పేపరే. పీఐ ఎంచుకోవాలంటే ముందు మీరు కోరుకునే ప్రతి సంస్థ బ్రోచర్‌లో ఆ పేపర్‌ను తీసుకుంటారో లేదో చూసుకోండి. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది.

ఐఐటీలకు ఒక్కోదానికి విడిగా దరఖాస్తు పెట్టాలి. కోప్ పోర్టల్ పని సీటు ఆఫర్‌ను ఒప్పుకోవడం, వదులుకోవడం మాత్రమే. అక్కడ పేరు నమోదు చేసి, ఐఐటీకి దరఖాస్తు చేయడం మరిచిపోయేవాళ్లు ఏటా ఉంటారు. ఎన్ఐటీలకు సీసీఎంటీ అనే ఉమ్మడి కౌన్సెలింగ్. రాష్ట్రంలోని కాలేజీలకు ఏపీ పీజీఈసెట్ ప్రవేశ పరీక్ష ఉంది, దాని కౌన్సెలింగ్‌లోనూ గేట్ వాళ్లకే ముందు సీట్లిస్తారు. ఇంకో ముఖ్యమైన సంగతి: ఏఐసీటీఈ ఇచ్చే నెలకు 12,400 రూపాయల స్కాలర్‌షిప్ గేట్‌లో అర్హత సాధించినవాళ్లకే. పీజీఈసెట్ ర్యాంకుతో మాత్రమే చేరితే అది రాదు. కాబట్టి పెద్ద ర్యాంకు రాదనిపించినా గేట్ రాయండి, కనీసం అర్హత మార్కు దాటండి.

దగ్గర్లో చేరడం నష్టమేమీ కాదు, యంత్రాలు నడుస్తుంటే. చేరేముందు ల్యాబ్‌కు వెళ్లి మూడు విషయాలు అడగండి. సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే) యంత్రం మీద విద్యార్థి చెయ్యి పడుతుందా, ఆపరేటర్ ఒక్కడే నడుపుతాడా? కటింగ్ ఫోర్స్ కొలిచే డైనమోమీటర్, ఉపరితలం గరుకును కొలిచే రఫ్‌నెస్ టెస్టర్ పనిచేస్తున్నాయా, చివరిసారి క్యాలిబ్రేషన్ ఎప్పుడైంది? పోయినేడాది విద్యార్థులు ప్రాజెక్టు ప్రయోగాలు ఎక్కడ చేశారు? మూడోదానికి ‘బయట జాబ్‌వర్క్ చేయించుకున్నారు’ అని జవాబొస్తే ఆ ల్యాబ్ గోడ మీద బొమ్మే.

ప్రశ్న: ఎంటెక్ ప్రాజెక్టుకు ఈఎన్8 ఉక్కు కడ్డీని మామూలు లేత్ మీద టర్నింగ్ చేశాను. స్పీడు, ఫీడు, డెప్త్ ఆఫ్ కట్ (0.5, 0.75, 1 మి.మీ.), టగూచి ఎల్9 (తొమ్మిది రన్‌ల ప్రయోగ పట్టిక). 50 మి.మీ. కడ్డీ ఒక్కటే, దాని మీదే వరుసగా 9 పాస్‌లు. ఇన్సర్ట్ (టూల్‌కు బిగించే కోత బిళ్ల) సీఎన్ఎంజీ 120408, ఒకే అంచు వాడాను. ఫీడు తగ్గించినా రెండుచోట్ల రఫ్‌నెస్ పెరిగింది. అనోవాలో (ఏ అంశం ప్రభావం ఎంతో తేల్చే లెక్క) ఎర్రర్ చాలా ఎక్కువ. గైడ్ మళ్లీ చేయమంటున్నారు.
– ఎంటెక్ విద్యార్థి, విజయనగరం

జవాబు: మీ గైడ్ చెప్పింది సరైన మాట. తప్పులు లెక్కల్లో లేవు, లేత్ దగ్గరే జరిగాయి.

మొదటిది వ్యాసం. మూడు డెప్త్‌లూ మూడేసి సార్లు వస్తాయి కాబట్టి 9 పాస్‌లు అయ్యేసరికి కడ్డీ 50 నుంచి 36.5 మి.మీ.కు దిగింది. 955 ఆర్‌పీఎం దగ్గర 50 మి.మీ. కడ్డీకి కటింగ్ స్పీడు నిమిషానికి 150 మీటర్లు. అదే ఆర్‌పీఎంలో 36.5 దగ్గర 110 మీటర్లకు లోపే. అంటే మీ పట్టికలోని స్పీడు వేరు, టూల్ చూసిన స్పీడు వేరు. పైగా గేర్ లేత్‌లో కావలసిన ఆర్‌పీఎం దొరకదు, ఉన్న మెట్లలో దగ్గరిది పెట్టుకోవాలి. ప్రతి పాస్‌కు ముందు వ్యాసం కొలిచి, అసలు స్పీడు లెక్కగట్టి రాయండి. అన్నిటికంటే మంచిది, ఒకే వ్యాసమున్న ముక్కలు వేరువేరుగా కోయించుకోవడం.

రెండోది అరుగుదల. ఎల్9 పట్టిక మొదటి నిలువు వరుస 1,1,1,2,2,2,3,3,3. మీరు స్పీడును అక్కడ పెట్టి రన్‌లను అదే వరుసలో చేసివుంటే, అంచు అరిగేకొద్దీ పెరిగిన రఫ్‌నెస్ అంతా స్పీడు ఖాతాలో పడింది. దీన్ని ఏ సాఫ్ట్‌వేరూ విడదీయలేదు. రన్‌ల వరుసను చీటీలు తీసి నిర్ణయించండి, ప్రతి రన్‌కూ కొత్త అంచు వాడండి. సీఎన్ఎంజీకి నాలుగు అంచులుంటాయి. 18 రన్‌లకు 5 ఇన్సర్ట్‌లు చాలు.

18 ఎందుకంటే, ఎల్9కు మొత్తం 8 డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (లెక్కకు దొరికే స్వతంత్ర సమాచారం). మూడు ఫ్యాక్టర్లు 6 తినేస్తే ఎర్రర్‌కు మిగిలేది 2. అంత తక్కువ మీద ఏ తీర్పూ నిలవదు. ప్రతి రన్‌ను కొత్త ముక్క మీద రెండోసారి చేస్తే ఎర్రర్‌కు 11 వస్తాయి. ఒకే ముక్కను మూడుచోట్ల కొలవడం దీనికి బదులు కాదు. ఆ మూడూ కలిసి ఒక రీడింగే.

ఇక ఫీడు తగ్గితే రఫ్‌నెస్ పెరగడం. ఫీడు వర్గాన్ని నోస్ రేడియస్‌కు 32 రెట్లతో భాగిస్తే సిద్ధాంతపరంగా ఆర్ఏ (సగటు రఫ్‌నెస్) వస్తుంది. మీ ఇన్సర్ట్ నోస్ 0.8 మి.మీ. కాబట్టి 0.2 ఫీడుకు 1.56 మైక్రాన్లు, 0.1 ఫీడుకు 0.39. కొలిచిన విలువ దీనికంటే బాగా ఎక్కువగా, అదీ తక్కువ స్పీడులో వస్తే, టూల్ అంచుకు లోహం అతుక్కుంటోందన్నమాట. మైక్రోస్కోప్ కింద అంచు చూడండి, ఫొటో థీసిస్‌లో పెట్టండి. ఉపరితలం అదిరిన గీతలతో కనిపిస్తే కడ్డీ బయటికి ఎక్కువ పొడుచుకొచ్చిందేమో చూసి టెయిల్‌స్టాక్ ఆసరా ఇవ్వండి. వైపర్ ఇన్సర్ట్ (ఉపరితలాన్ని నున్నగా చేసే అంచున్నది) కాకుండానే సిద్ధాంతం కంటే తక్కువ వస్తే అనుమానించాల్సింది టెస్టర్‌ను. 0.2 ఫీడుకు కటాఫ్ (టెస్టర్‌లో పెట్టే ఒక్కో కొలత ముక్క పొడవు) 0.8 మి.మీ., మొత్తం కొలత పొడవు 4 మి.మీ. ఉండాలి. స్టైలస్ కడ్డీ పొడవునా కదలాలి.

ప్రశ్న: మా అబ్బాయి జర్మనీలో మాస్టర్స్ అంటున్నాడు. సీజీపీఏ 7.5. ఎకరం పొలం అమ్మమంటావా అని అడిగితే నోరెత్తడు. ఏం చేయమంటారు?
– ఒక రైతు, నరసన్నపేట

జవాబు: ఇప్పుడే అమ్మకండి. అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావాటికి ట్యూషన్ ఫీజు లేదు, సెమిస్టర్ రుసుము ఉంటుంది. బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం సెమిస్టర్‌కు 1,500 యూరోలు కట్టాలి. మీరు చూపాల్సిన పెద్ద మొత్తం బ్లాక్డ్ అకౌంట్ (వీసాకు ముందుగా డబ్బు వేసి చూపే ఖాతా): 2024 సెప్టెంబర్ నుంచి ఏడాదికి 11,904 యూరోలు, మారకం రేటును బట్టి మన డబ్బులో సుమారు పన్నెండు లక్షలు. అది ఫీజు కాదు, నెలకు 992 యూరోల చొప్పున అబ్బాయి ఖర్చులకే తిరిగొస్తుంది. దానికి విద్యారుణం అడగవచ్చు. అయితే పొలాన్ని తనఖాగా తీసుకోవడానికి బ్యాంకులు వెనకాడతాయి, ఎందుకంటే అప్పు తీరకపోతే తనఖా ఆస్తిని స్వాధీనం చేసుకోనిచ్చే సర్ఫేసీ చట్టం సాగుభూమికి వర్తించదు. ఇల్లో, ఇంటి స్థలమో ఉందేమో చూడండి.

ఏజెంటు ఎవరైనా కాలేజీ చూపిస్తే, అది ప్రైవేటుదా అన్నది ముందు కనుక్కోండి. ఫీజు లక్షల్లో అడిగేవి ఎక్కువగా అవే. అబ్బాయి ముందుగా చేయాల్సినవి ఏపీఎస్ సర్టిఫికెట్‌కు (మన చదువు పత్రాలు అసలైనవేనని ధ్రువీకరించేది) దరఖాస్తు, జర్మన్ భాష బీ1 స్థాయి. పాస్ మార్కు 5 అయితే 7.5 సీజీపీఏ అక్కడి లెక్కలో 2.5 అవుతుంది (అక్కడ అంకె తగ్గేకొద్దీ మేలు). చాలా కోర్సులకు అదే హద్దు, కాబట్టి సీటు ఖాయమనుకుని డబ్బు సర్దకండి.

ప్రశ్న: మాది పలాస. జీడిపిక్కలు కోసే యంత్రం మీద ఎంటెక్ ప్రాజెక్టు చేస్తే విలువ ఉంటుందా?
– ఒక విద్యార్థి

జవాబు: తప్పకుండా. గుండు పప్పుకున్న ధర బద్దకు రాదు కాబట్టి విరగని పప్పు శాతమే మీ ఫలితం. కోయకుండా మిగిలిన పిక్కల శాతాన్నీ రాయండి. బ్లేడు గీయడంతో మొదలుపెట్టకండి. ముందు వంద పిక్కలను పొడవు, వెడల్పు, మందం వెర్నియర్‌తో కొలిచి సైజుల వారీగా వేరుచేయండి. అన్ని సైజులూ ఒకే సందులోంచి పోతే చిన్నవి తెగవు, పెద్దవాటి పప్పు తెగిపోతుంది. ఆవిరి పట్టే సమయం, తర్వాత ఆరబెట్టే సమయం, బ్లేడు సందు – ఈ మూడూ మార్చి చూడండి, ఒక్కో రన్‌కు కిలో పిక్కలు. తొక్కలోని నూనె చర్మాన్ని కాలుస్తుంది, గ్లౌజులు లేకుండా ముట్టుకోవద్దు. ఆ నూనె చేరకుండా బేరింగులకు సీల్ ఇవ్వండి.